ఆళ్లగడ్డ ఇంజను బేరం

డెబ్బైల చివర్లో నంద్యాలలోని మా బొమ్మరైళ్ల సంఘానికి పట్టాలు, సిగ్నళ్లు అన్నీ ఉండేవి, ఇంజనే లేదు. ఆళ్లగడ్డలో ఉండే రిటైరైన రైలు డ్రైవరొకాయన, రేకుతో బొమ్మ ఆవిరి ఇంజను చేశాను, వచ్చి చూడమని కబురంపితే, ఆదివారం అందరం బస్సెక్కి వెళ్లాం.

ఆయన ఇంజను బయటికి తీశాడో లేదో, అంగడిలో పెరిగిన నా నోరు ఆగలేదు. ధర అడగకముందే సరుకును తీసిపారెయ్యడం మా ఇంటి చదువు.

"ఏందన్నా, చక్రం వంకరుంది. రంగు యాడుంది? దీన్నెవరు కొంటారు?"

ఆయన ఇంజనును మళ్లీ గుడ్డలో చుట్టాడు. "మీకు ఊరికే ఇద్దామని పిలిపిస్తినప్పా. ఇంత పాడుది మీకెందుకులే."

ఏం చెయ్యాలో తోచక, వెనక్కి పిలుస్తాడని ఆశపడి, బేరం కుదరనివాడిలా లేచి గుమ్మం దాటాను. మావాళ్లూ నా వెనకే వచ్చారు. లోపల గడియ పడింది.