కర్టెన్ కడ్డీలో నాణేలు

మా తాళాల మామయ్య తెరవలేని తాళం ఇంతవరకు పుట్టలేదు. కోతలు కోస్తున్నాననుకుంటే మీ ఇష్టం. ఆయన సందులోకి అడుగుపెడితే చాలు, పిరికి తాళాలు వాటంతటవే ఊడి కిందపడేవి. కాస్త పౌరుషం ఉన్నవి మాత్రం ఆయన దగ్గేదాకా ఆగేవి. నా తెలివి తట్టుకోలేక కాలేజీ నన్ను వదిలేశాక, ఆయన కొట్లో కూర్చుని ఇవన్నీ కళ్లారా చూశాను.

అంతటి మనిషికి ఉన్న జబ్బు ఒక్కటే, భయం. ఏ తాళం ఎంతసేపు నిలుస్తుందో తెలిసినవాడు కదా, ఏ తాళాన్నీ నమ్మడు. "బీరువా అంటే ఏంట్రా అల్లుడూ? సరుకు ఇక్కడుంది బాబూ అని దొంగకి చూపించే బోర్డు" అనేవాడు. అందుకే చిన్నప్పటి నుంచి పోగేసిన పాత నాణేలన్నీ ఇల్లంతా దాచాడు. కర్టెన్ కడ్డీ గొట్టంలో కొన్ని, గోడగడియారం వెనక కొన్ని, పాడైన రేడియో పొట్టలో, కుట్టుమిషన్ అడుగున. ఆ ఇంట్లో నాణెం దాచని చోటంటూ ఉంటే అది మా అత్తయ్య నోరే. ఎప్పుడూ తెరిచే ఉంటుంది కాబట్టి.

వయసు మీదపడేసరికి ఆ చోట్లు మరిచిపోవడం మొదలైంది. ఓ పొద్దున ఒక చిల్లు నాణెం కోసం ఇల్లు తలకిందులు చేశాడు. చివరికి అది అత్తయ్య దిండు గలీబులో దొరికింది.

"ఓహో, ఇన్నాళ్ల నా తలనొప్పి ఇదన్నమాట!" అంది అత్తయ్య.

మామయ్య నవ్వలేదు. "దొంగలకి దొరక్కూడదని దాస్తే నాకే దొరకట్లేదురా" అన్నాడు బెదురుగా.

అప్పుడు నేను రంగంలోకి దిగాను. కంప్యూటర్ విషయంలో నాకు ఎదురు లేదు. నేను మీటలు కొడుతుంటే తెరకి చెమటలు పట్టేవి. నాణేనికో వరస చొప్పున పట్టిక వేసిచ్చాను. లోహం, బరువు, ఏ కాలానిది, ఫొటో. చివరి గడి మామయ్య సొంతంగా కలిపాడు: 'ఎక్కడుంది'. ఇల్లంతా మళ్లీ వెతికి, తాళం తిప్పే వేలితోనే ఒక్కో అక్షరం పొడుస్తూ నింపాడు. 'ముందుగది కర్టెన్ కడ్డీ, ఎడమ చివర, మూత తిప్పితే వస్తుంది.' అంత వివరంగా!

వాటిలో ఒక రాగి నాణెం మీద అక్షరాలు అరిగిపోయాయి. అదెవరు వేయించిందో తెలుసుకోవాలని మామయ్యకి ఎన్నేళ్ల కోరికో. ఫోన్లో నాణేలు పోగేసేవాళ్ల గ్రూపు ఒకటి ఉంది. ఆయన్ని అక్కడ 'మాస్టారూ' అంటారు. ఒకరి మొహం ఒకరు చూసింది లేదు, ఆయన కొట్టూ ఇల్లూ ఎక్కడో మాత్రం అందరికీ తెలుసు. ఆ రాగి నాణెం ఫొటో ఒక్కటి పంపితే సరిపోయేది. మామయ్య పట్టిక మొత్తం పంపేశాడు. నా సేకరణ ఏపాటిదో చూడనీ అనుకున్నాడట. చివరి గడి గుర్తే రాలేదు.

మర్నాడు కొట్లో ఫోన్ మోగింది. మామయ్య చేతులకి నూనె ఉందని నేనే స్పీకర్ నొక్కాను.

"మాస్టారేనా? మీ లిస్టు చూశానండీ, అద్భుతం! ఆ రాగిది ఇస్తారేమోనని. అదేనండీ, కర్టెన్ కడ్డీలో ఎడమ చివర ఉన్నది." ఆ గొంతు నవ్వుతోంది.

తాళంచెవులు అరగదీసే ఆకురాయి మామయ్య చేతిలోంచి జారి కిందపడింది.

"మీ అత్తయ్య ఒక్కతే ఉందిరా ఇంట్లో" అన్నాడు.

అంతే, పరుగు. కొట్టుకి తాళం వేయాలని ఆ తాళాల మనిషికి తోచనే లేదు.

అత్తయ్య తలుపు తీసేదాకా మా ప్రాణాలు గుప్పిట్లోనే ఉన్నాయి. నేను పట్టిక చదువుతుంటే మామయ్య ఒక్కో చోటు ఖాళీ చేశాడు. అన్నీ ఉన్నాయి. ఒక డబ్బాలోకి చేర్చి, హమ్మయ్య అని కూలబడ్డాడు. (ఇప్పుడా ఇల్లూ వాళ్లది కాదు, ఆ నాణేలూ అక్కడ లేవు. మీరు శ్రమపడకండి.)

"తీసేశారు, బాగుంది. తీసేసినట్టు వాళ్లకెలా తెలుస్తుంది?" అంది అత్తయ్య.

మామయ్య డబ్బా మూసి నావైపు తిరిగాడు.

"గ్రూపులోంచి చెరిపెయ్యరా!" అన్నాడు మామయ్య.

"చెరిపాను. కానీ ఈపాటికే దించుకున్నవాళ్ల దగ్గర ఉంటుంది కదా మామయ్యా."

కిటికీలోంచి చూస్తే ఎదురుగోడ పక్కన ఎవరో ఫోన్ పట్టుకుని మా ఇంటికేసి చూస్తున్నాడు. ఎవరికోసమో ఎదురుచూసే మనిషే కావచ్చు. అతను వెళ్లేదాకా మేం కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు.

"అమ్మేశానని పెట్టండి" అంది అత్తయ్య.

"నేనా? అమ్మడమా? ఆ గ్రూపులో నాకున్న పేరేంటో తెలుసా నీకు? ఇంకెప్పుడూ ఒక్కటి కూడా వాళ్లకి చూపించలేను!"

"పగలంతా మీరు కొట్లో ఉంటారు. ఆ కడ్డీ విరగ్గొట్టడానికి ఎవడైనా వస్తే తలుపు తీయాల్సింది నేనండీ."

మామయ్య ఫోన్ తీశాడు. నేను కొడతానంటే ఫోన్ ఇవ్వలేదు. 'నా నాణేలన్నీ అమ్మేశాను. ఇంట్లో ఇక ఒక్కటీ లేదు' అని తనే పొడిచాడు. పంపే ముందు వేలు చాలాసేపు గాల్లోనే ఉండిపోయింది.

జవాబులు గుంపుగా వచ్చిపడ్డాయి. అయ్యో మాస్టారూ, ఏం కష్టమొచ్చింది? అంతలో ఒక పెద్దాయన ఆ అరిగిన రాగి నాణెం గురించి పేజీడు రాశాడు. ఏ రాజు వేయించాడో, ఎంత అరుదో, అంతా. 'ఎవరికి అమ్మారో చెబుతారా? చచ్చేలోపు ఒక్కసారి చూడాలి' అని అడిగాడు. మామయ్య అది మళ్లీ మళ్లీ చదివి, మారు పలక్కుండా గ్రూపులోంచి బయటికొచ్చేశాడు.

ఆ తర్వాత ఆ నాణేలు చూసేవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యాను. మధ్యాహ్నాలు భోజనానికి ఇంటికొచ్చినప్పుడు మామయ్య కర్టెన్లు మూసి, ఒక నాణెం అరచేతిలో పెట్టుకుని దాని కథ మొదలుపెట్టేవాడు. నా కోతలకంటే ఎక్కువే కోసేవాడు. సందులో చెప్పుల చప్పుడైతే చాలు, పిడికిలి బిగిసేది, కథ ఆగేది.

"పోయారా?" అనేవాడు గుసగుసగా.

నేను లేచి కర్టెన్ కొద్దిగా తప్పించి చూసేవాణ్ణి. సందు ఖాళీగా ఉండేది.

"పోయారు మామయ్యా" అనేవాణ్ణి.