మంచి కంటికి కట్టిన గుడ్డ

మనవరాలి కంటికి అతికించే పట్టీ కాగితం ఊడదీయగానే సన్నగా జిగురు వాసన వస్తుంది. ఆ వెంటనే, ఎందుకో, ఆముదం పట్టించిన తల వాసన, కొత్త మొలగొలుకుల బియ్యం వాసన, వాకాడు దగ్గరి మా పల్లెలో అవ్వ పక్కన కూర్చున్న ఇంటి ముందరి పంచ, అన్నీ కలిసి నా చుట్టూ చేరతాయి.

చిన్నప్పుడు నా ఎడమ కన్ను ముక్కు వైపు తిరిగి ఉండేది. బడికి పంపితే పిల్లలు ఏడిపిస్తారని అమ్మే ఇంట్లో పలక మీద అక్షరాలు దిద్దించింది. నాయన తల్లి, మా అవ్వకు మాత్రం ఆ కన్నంటే ముద్దు. మెల్లకన్ను పిల్ల ఇంటికి అదృష్టమని, ప్రార్థన చేసి, నారు పోసే రోజు తొలి గుప్పెడు నా చేతే చల్లించేది. “దేవుడు పెట్టిన కన్ను. దిద్దను మనమెవరం?” అనేది. వానలకు స్వర్ణముఖి పొంగేది, పొంగు తీస్తే నాట్లు, ఆ తర్వాత కోతలు. కన్ను చూపించను నెల్లూరు ఆసుపత్రికి ప్రయాణం ఏటికేడు వెనక్కి పోయేది.

ఒక ఏడు కోతలు కాగానే అమ్మానాయనా బండి కట్టించుకుని నన్ను తీసుకెళ్లారు. బాగున్న కంటికి పగలంతా గుడ్డ కట్టమనీ, అప్పుడే రెండోది చూడటం నేర్చుకుంటుందనీ, ఆలస్యమైతే ఇక నేర్చుకోదనీ డాక్టరమ్మ చెప్పింది. పొద్దున్నే అమ్మ కట్టి పొలానికి పోయేది. నేను గడప తట్టుకుని పడుతుంటే చూడలేక, అవ్వ ఆ గుడ్డను మెల్లకంటి మీదికి జరిపి, చేతిలో బెల్లం ముక్క పెట్టేది. నేను హాయిగా వామనగుంటలు ఆడుకునేదాన్ని.

ఎండాకాలంలో మళ్లీ వెళ్లాం. ఈసారి అవ్వా వచ్చింది. చూపు ఏమాత్రం పెరగలేదు.

“గుడ్డ కడుతున్నారా?”

“నేనే కడతాండానమ్మా, చెడ్డ కంటికి. మంచి కన్ను మూస్తే బిడ్డ ఎట్టా తిరుగుతాది?”

డాక్టరమ్మ కోప్పడలేదు. నా మంచి కన్ను మూసి, “పోయి మీ అవ్వ ఒళ్లో కూర్చో” అంది. బల్ల మీద తెల్లచీరల ముసలమ్మలు ఇద్దరున్నారు. నేను పోయి రెండో ఆమె ఒళ్లో కూర్చున్నాను. “ఇదేందమ్మా, నాకు కొత్త మనవరాలు!” అని ఆమె నవ్వింది. అవ్వ నవ్వలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ తర్వాత గుడ్డకు కాపలా అవ్వే. నన్ను పంచలో కూర్చోబెట్టి, చేటెడు బియ్యం ముందు పోసి, రాళ్లు ఏరమనేది. “ఏమే, ఈ రాయి కనబళ్లేదా? మీ నాయన పంటికి కనబడతాదిలే!” అనేది. నెలలు గడిచేకొద్దీ రాళ్లు నాకే ముందు కనబడసాగాయి. క్రిస్మస్ అయ్యాక ఆపరేషన్ చేశారు, కన్ను కుదురుకుంది.

మళ్లీ నారు పోసే రోజున అవ్వ నన్నే పిలిచింది.

“మెల్లకన్ను పోయింది కదవ్వా?”

“ఇత్తనాలు కనబడతాండాయా? చల్లు మరి.”

అవ్వ లేదు, ఆ పంచ లేదు. పిల్లల కళ్లు చూడటానికి ఇప్పుడు డాక్టర్లే బడికి వస్తున్నారు, దేవునికి స్తోత్రం. సంచుల్లో వచ్చే బియ్యంలో రాళ్లే ఉండవు. అందుకే చేటలో బియ్యం పోసి, గుప్పెడు మినుములు కలిపి, మనవరాలి ముందు పెడతాను.