మూడు తూముల రోడ్డు

నేను కట్టిన పెద్ద వంతెనల గురించి ఎవరైనా అడిగితే ఒక పూట చెబుతాను, అడక్కపోతే రెండు పూటలు. అనకాపల్లి దగ్గర చెరకు పొలాల మధ్య వేసిన నా మొదటి రోడ్డు గురించి మాత్రం మా ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పలేదు.

యుద్ధం రోజులు. నాకు కొత్త ఉద్యోగం, చేటంత టోపీ, నాలుగూళ్ళకి వినబడే బూట్లు. శారదా నది పొంగితే నీళ్ళు ఎంత లోతు వస్తాయో ఊళ్ళోవాళ్ళని అడిగి, దాన్నిబట్టి రోడ్డు గట్టు కింద తూములెన్నో తేల్చాలి. అడిగేను. ఎలాగ? "మోకాలి దాకా వస్తాయి, అంతేనా?" అని. టోపీవాడు మోకాలంటే పీకలోతు అనేవాడు ఆ జిల్లాలో ఇంకా పుట్టలేదు. నలభై మందీ ఒక్క గొంతుతో "సిత్తం బాబూ" అన్నారు. మూడు తూములని రాసేసుకున్నాను.

ఒక్క ముసలి రైతు మాత్రం ఒప్పుకోలేదు. గట్టుకి ఎగువనున్న ఎకరం చెరకే అతని ఆస్తి.

"మూడు సాలవు బాబూ. ఇంకో రెండెట్టండి. నీరు మొలలోతొత్తాది. దిగువకి పోకపోతే నా సేను కుళ్ళిపోద్ది."

"ఇంజనీరువి నువ్వా, నేనా?"

"తమరే. మునిగేది నేను."

అందరూ నవ్వేరు. నా చెవులు కాలిన పెనాలైపోయేయి. ఆ కోపంలో శారదమ్మే స్వయంగా వచ్చి అడిగినా నాలుగో తూము పెట్టేవాణ్ణి కాదు.

కార్తీకంలో తుఫాను వచ్చింది. వెళ్ళి చూస్తే రోడ్డుకి దిగువన పొలాలు, ఎగువన సముద్రం. అందులో చెరకు ఆకుల కొసలు.

"గట్టుకి గండి కొట్టించండి బాబూ. రెండు బారలు సాలు. ఈ పూట నీరు పోతే సేను బతుకుద్ది" అన్నాడు ముసలాయన.

కొట్టించొచ్చు. గునపాలున్నాయి, కూలీలున్నారు. కానీ నాలుగు రోజుల్లో పెద్ద దొర తనిఖీ. కొత్త రోడ్డుకి గండి కొడితే, తప్పు నాదేనని నా చేత్తో రాసిచ్చినట్టే.

"పైనుంచి ఆర్డరు రావాలి" అన్నాను. నేను అడిగితేగా రావడానికి.

తనిఖీ అయింది. రోడ్డు నున్నగా ఉందని దొర మెచ్చుకున్నాడు. నీళ్ళు తీసేసరికి చెరకు వాసనేస్తోంది. ముసలాయన ఒక గడ విరిచి నా చేతికిచ్చేడు. కొరికి చూశాను. మూడ్రోజుల కల్లు కూడా అంత పులవదు.

"ఇది బెల్లానికి పనికిరాదు బాబూ," అన్నాడు. "ఎల్లండి, ఎండెక్కిపోతంది."

తిట్టి ఉంటే నేనూ నాలుగు తిట్టి, ఈపాటికి మర్చిపోయేవాణ్ణి.