నీరు పట్టిన పవర్‌బ్యాంకు

పొద్దున్నే టీ పెట్టడం కంటే ముందు మా వదినకు ఒక పని ఉండేది. అన్నయ్య చీలమండ మీద బొటనవేలితో నొక్కి, పడిన గుంట ఎంతసేపటికి పూడుతుందో చూసేది. త్వరగా పూడితే ఆ రోజు ఇల్లు మామూలుగా ఉండేది. పూడకపోతే మంచినీళ్ల చెంబు దాచేసేది. ఇంటింటా కిడ్నీ జబ్బున్న మా కవిటి వైపు కొబ్బరితోటల్లో ఇలా నొక్కి చూడడం తెలియని ఆడవాళ్లు తక్కువ. అక్కడ ఏది ఉబ్బినా నీరు పట్టిందనే అంటారు.

అన్నయ్యకు పలాసలో డయాలసిస్. ఊళ్లో ఇంకొందరితో కలిసి ఆటోలో వెళ్లేవాడు. వేళలు మారుతుంటాయి కాబట్టి ఆటో అతను ముందు ఫోన్ చేస్తాడు. ఎత్తితే జంక్షన్లో ఆగుతాడు, ఎత్తకపోతే రావడం లేదనుకుని పోతాడు. తుఫాను తర్వాత మా వైపు కరెంటును నమ్మినవాడు లేడు. అందుకే టెక్కలిలో ఒకే రకం పవర్‌బ్యాంకులు రెండు కొని, ఒకటి అన్నయ్యకిచ్చాను.

ఒక మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా ఆ కంపెనీ నుంచి ఇంగ్లీషులో మెసేజ్ వచ్చింది. ఆ రకంలో బ్యాటరీ లోపం ఉందట, వేడెక్కి అంటుకుంటున్నాయట. వాడకం ఆపండి, ఉబ్బితే నొక్కకండి, వెనక్కి తీసుకుని కొత్తది ఇస్తాం అని రాశారు. అన్నయ్యకు ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. వెంటనే బండి తీశాను.

ఇల్లు కాలిపోలేదు. కానీ అన్నయ్య మొహం వాచిపోయి, మంచం మీద ఆయాసపడుతూ కూర్చున్నాడు. కరెంటు లేక ఫోన్ ఆగిపోయింది, ఆటో వెళ్లిపోయింది.

"పవర్‌బ్యాంకేదీ వదినా?"

"దానికీ నీరట్టేసినాది బాబూ. బూరిలాగ పొంగిపోనాది. రోజూ నొక్కి సూత్తన్నాను. పీల్సేత్తాదని బియ్యంలో ఎట్టినాను."

బియ్యం డబ్బా పక్కనే గ్యాస్ బండ. నాకు ఒళ్లు మండిపోయింది.

"నొక్కుతావేటి వదినా, పేలిపోద్ది!" అని అరిచాను.

ఆవిడ బిక్కమొహం వేసింది. దాన్ని బియ్యంలోంచి మెల్లగా తీసి, పెరటి చివర బకెట్లో ఇసక పోసి అందులో పాతిపెట్టాను. అన్నయ్య మంచం మీంచే చూస్తున్నాడు. కంపెనీ మెసేజ్ సంగతి చెప్పాను.

"ఎందుకు పొంగినాదో ఆలకి తెలిసిందేట్రా?"

"తెలిసిందట. తయారీలోనే తేడా వచ్చిందట."

"దాని అదురుట్టం" అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు గానీ నాకు నవ్వు రాలేదు. పరీక్షలకని మా బావుల్లో నీళ్లు పట్టుకెళ్లారు, మా ఒంట్లో రక్తం పట్టుకెళ్లారు. ఈ జబ్బుకు ఇదిగో కారణం అని ఇంతవరకు మా ఇంటికి వచ్చి చెప్పినవాడు లేడు. ఒక ప్లాస్టిక్ డబ్బాను చూసి నాకు అసూయ కలిగింది.

వేరే ఆటో మాట్లాడి అప్పుడే పలాస తీసుకెళ్లాం. ఆ గండం గడిచింది. అక్కడే ఇంకో కంపెనీది కొనిచ్చాను. తర్వాత పాతదాని గురించి కంపెనీకి ఫోన్ చేస్తే, "మీ పిన్‌కోడ్‌కు మా సర్వీసు లేదు సార్" అందో అమ్మాయి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే. నేనూ మొండివాణ్ణే, వదల్లేదు. పోట్లాడగా పోట్లాడగా, చివరికి వాళ్ల మనిషి ఇనప పెట్టె పట్టుకుని వచ్చి, ఇసకలోదాన్ని తీసుకుని కొత్తది చేతిలో పెట్టి వెళ్లాడు.

అప్పటికి అన్నయ్య లేడు. ఆటో టైముకే వచ్చింది, ఫోనూ మోగింది, ఈసారి ఒళ్లే సహకరించలేదు.

కొత్తది వచ్చిన ఆ రాత్రి అన్నయ్య ఇంట్లోనే పడుకున్నాను. తెల్లవారి లేచేసరికి వదిన అరుగు మీద కూర్చుని ఉంది. ఇంకా పొయ్యి వెలిగించలేదు. ఒళ్లో ఆ కొత్త పవర్‌బ్యాంకు పెట్టుకుని, బొటనవేలితో నొక్కి చూస్తోంది. నన్ను చూసి చెయ్యి తీయలేదు.

"దీనికి నీరు లేదు బాబూ" అంది.

నొక్కవద్దని ఈసారి అనలేకపోయాను.