పిట్ట ముట్టని రోజు తెచ్చిన మిఠాయి

నమ్మితే నమ్మండి, లేకపోతే నవ్వుకోండి. నవ్వేవాళ్లను ఇప్పటికే చాలామందిని చూశాను. మా ఆఫీసులో చెబితే ఒకామె "రేణుకా, నీకు నిద్ర తక్కువైంది" అని తేల్చేసింది. నిద్ర తక్కువైన మాట నిజమే. ఆ రాత్రి జరిగింది కూడా నిజమే. మా బాపు మీద ఒట్టేసి చెబుతున్నాను... బాపు అంటే మా నాన్న, ఊరికే వేసే ఒట్టు కాదు. ఆ రాత్రి ప్రాణం మీదికి తెచ్చుకున్నది ఆయనే.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఫలక్‌నుమా స్టేషన్‌లో దిగి, జహనుమాలో మా ఇంటిదాకా రోజూ చీకట్లో నడిచివచ్చే మనిషిని నేను. ఆ సందుల్లో హారన్ కొట్టకుండా మీదికొచ్చే బండ్లంటేనే నాకు భయం.

మాది పాల వ్యాపారం. ఇంటి వెనక కొట్టంలో బర్రెలు ఉంటాయి. వాటిని చూసుకునేది బాపు, అంతకుముందు బాపు తల్లి, మా అవ్వ. నేను మాత్రం కాచిగూడలో ఒక రక్తపరీక్షల ల్యాబులో కౌంటర్ దగ్గర కూర్చుంటాను. లోకల్ రైల్లో వెళ్లి, లోకల్ రైల్లో వస్తాను.

కాచిగూడ స్టేషన్ లోపల ఒక చిన్న దుకాణం ఉంది. జపాన్ తరహా మిఠాయిలు, కేకులు అమ్ముతారు. చల్లటి అద్దాల పెట్టెలో వరసగా పేర్చి ఉంటాయి. రెండు చిన్న అట్ల మధ్య పూర్ణం పెట్టినవి, టీ ఆకుపొడి కలిపిన పచ్చ కేకులు, దూదిలాంటి క్రీము బన్నులు. అన్నిటికంటే పైన మోచీలు. బియ్యప్పిండితో చేసిన మెత్తటి ముద్దలు, లోపల ఎర్ర చిక్కుడుగింజల పూర్ణం, పైన తెల్లటి పిండి అద్ది ఉంటుంది. ఒక్కో ముద్దా ఒక్కో కాగితం గిన్నెలో కూర్చుంటుంది.

ఒక శుక్రవారం ఊరికే కొనుక్కొచ్చాను. అవ్వకు పళ్లు లేవు కదా, మెత్తగా ఉంటుందని ఒకటి చేతిలో పెట్టాను. ఆమె దాన్ని వేలితో నొక్కి చూసింది.

"పసిపోరని బుగ్గ లెక్కున్నదే ఇది!"

అంతే. ఆ రోజు నుంచి వాటి పేరు బుగ్గలు. ప్రతి శుక్రవారం నేను గేటు తీయగానే అదే ప్రశ్న. "బుగ్గలు తెచ్చినావే?"

అమ్మకు మాత్రం ఇది అస్సలు నచ్చలేదు. "మోచీ ఏంది? చెప్పులు కుట్టేటోని పేరు పెట్టిన్రా మిఠాయికి?" అని ఒకరోజు, "ముసలామెకు గొంతుల ఇరికితే ఎవరు పట్టుకోవాలె" అని ఇంకోరోజు. రెండో మాటలో న్యాయం ఉంది. కానీ అవ్వ వింటుందా? కొట్టంలోకి వెళ్లిపోయేది. పెద్ద బర్రె పక్కన స్టూలు మీద కూర్చుని, ముద్దను కొరకకుండా అంచు నుంచి చప్పరిస్తూ తినేది. చప్... చప్... చప్. మధ్యలో ఆగేది. మళ్లీ చప్. తినడం అయ్యాక చేతికంటిన తెల్లపిండిని బర్రె నుదుటికి తుడిచేది. కాగితం గిన్నెను నాలుగు మడతలు పెట్టి గోడ పగుల్లో దోపేది. అమ్మకు కనపడకూడదని! ఆ తెల్ల నుదురు చూస్తే ఎవరికైనా తెలిసిపోతుందని ఆ మహాతల్లికి తట్టలేదు.

అవ్వ పోయింది. మిఠాయి ఇరుక్కుని కాదు, ఆ అనుమానం పెట్టుకోకండి. బుధవారం మధ్యాహ్నం భోంచేసి పడుకుంది, లేవలేదు. అంత తేలికగా పోయినందుకు అందరూ అదృష్టం అన్నారు. నాకైతే ఒళ్లు మండింది. ఇంట్లో మనిషి లేకుండా పోతే అదృష్టం ఏమిటి?

మూడోరోజు పిట్టకు పెట్టాలి. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెడతారు. కాకి వచ్చి ముట్టుకోవాలి. ముట్టకపోతే పోయినవాళ్లకు ఏదో కోరిక మిగిలిందని లెక్క. శ్మశానం దగ్గర పెట్టాం. బోటి కూర, సర్వపిండి, కల్లు, చాయ్‌లో ముంచిన బన్ను, చివరికి ఆమె నమిలే తంబాకు కూడా. కాకులు వచ్చాయి. గోడ మీద కూర్చున్నాయి. చూశాయి... వెళ్లిపోయాయి.

బంధువులు కాసేపు ఆగి, "ఆవుకు పెట్టు, అయిపోతది" అన్నారు. బాపు వినలేదు. అన్నీ ఇంటికి తెచ్చి మిద్దె మీద కొత్త విస్తరిలో పెట్టాడు. తను నీళ్ల ట్యాంకు పక్కన నేల మీద కూర్చున్నాడు.

"అన్నం తిను బాపు. గోలీ వేసుకున్నవ్ పొద్దుగాల" అన్నాను.

"ఆమె తినలే. నేనెట్ల తింట?"

బాపుకు షుగర్. పొద్దున అలవాటు ప్రకారం మాత్ర వేసుకున్నాడు. కడుపులో మాత్రం ఏమీ లేదు. మధ్యాహ్నం దాటాక చేతులు వణకడం మొదలైంది. మెడ మీద చెమటలు. ల్యాబులో కూర్చునేదాన్ని, ఆ చెమటలు ఏమిటో నాకు తెలుసు. అమ్మ తీర్థమని చెప్పి గ్లూకోజు నీళ్లు తాగించింది. వణుకు తగ్గింది. కానీ ఆ నీళ్లతో ఎంతసేపు లాగుతాం? దవాఖానకు పోదామంటే కదలడు. తిడితే వినడు. ఏడిస్తే చూడడు. మొండితనంలో అచ్చం తల్లే.

పొద్దు వాలుతుండగా కొట్టంలోకి వెళ్లాను. పెద్ద బర్రె గడ్డి ముట్టలేదు. అవ్వ పోయినప్పటి నుంచీ సరిగ్గా తినడం లేదు. దాని నుదురు చూశాను. నల్లగా, శుభ్రంగా ఉంది.

బుగ్గలు! అన్నీ పెట్టాం, అవి పెట్టలేదు. ఎలా పెడతాం? అమ్మ తిట్టాక అవ్వ మానేసిందనే ఇంట్లో అనుకున్నారు, బాపు అయితే వాటిని చూడనే లేదు. ప్రతి వారం తింటుందని తెలిసింది నాకూ బర్రెకే. ఆ రోజు శుక్రవారం కూడా.

అమ్మకు చెప్పాను. తిడుతుందనుకున్నాను. "పో. జల్ది పో" అంది, అంతే.

కాచిగూడ చేరేసరికి చీకటి పడింది. దుకాణంలో నస్రీన్ అద్దాలు తుడుస్తోంది. యాకుత్‌పుర పిల్ల, నాకు బాగా అలవాటు. పెట్టె దాదాపు ఖాళీ.

"మోచీ ఉన్నయా నస్రీన్?"

"రెండే ఉన్నయ్ అక్కా. నీ కోసమే పక్కకు పెట్టిన. శుక్రవారం కదా, వస్తవని తెల్సు" అంది. "తెల్ల గిన్నెలు అయిపోయినయ్. పచ్చయి పెట్టిన, పర్వాలేదా?"

ముదురు ఆకుపచ్చ కాగితం గిన్నెలు. పర్వాలేదన్నాను. పెట్టె మూసి టేపు అంటిస్తూ ఆమె అడిగింది.

"అవ్వ మంచిగున్నదా?"

చెప్పాలనుకున్నాను. ఏం చెప్పను... ఆ అద్దాల ముందు, ఆ వెలుతురులో ఆ మాట నోట్లోంచి రాలేదు.

"మంచిగనే ఉన్నది" అన్నాను.

ఇక ఇక్కడి నుంచి జాగ్రత్తగా వినండి.

రైలు పెట్టె దాదాపు ఖాళీ. ఆ చివర ఒకాయన కిటికీకి తలానించి నిద్రపోతున్నాడు. నేను పెట్టెను ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నాను. ఫోన్ చేస్తే అమ్మ "మళ్ల చెమటలు పడుతున్నయే" అంది. మలక్‌పేట దాటింది. కూర్చోలేకపోయాను. లేచాను. మళ్లీ కూర్చున్నాను. డబీర్‌పుర దగ్గర రైలు ఆగి, ఎంతకూ కదలలేదు. ఫ్యాన్లు ఆగిపోయాయి. అంతా నిశ్శబ్దం...

చప్.

నా వెనక సీటులోంచి.

చప్... చప్...

తల తిప్పలేదు. తిప్పలేకపోయాను. ఎవరో చాక్లెట్ తింటున్నారేమో అనుకున్నాను. కానీ ఆ మధ్యలో ఆగడం ఉందే... ఒక్క క్షణం ఆగి, మళ్లీ చప్. ఆ ఆగడం నాకు తెలుసు.

రైలు కుదుపుతో కదిలింది. ఫ్యాన్లు తిరిగాయి. అప్పుడు తిరిగి చూశాను. వెనక సీటు ఖాళీ. ఒళ్లో పెట్టె చూసుకున్నాను. టేపు అలాగే ఉంది.

ఫలక్‌నుమాలో దిగి దాదాపు పరుగెత్తాను. ఆ సందుల్లో రోజూ మొరిగే కుక్కలు ఆ రోజు మొరగలేదు. పక్కకు జరిగి దారిచ్చాయి. నా ఒక్కదానికి అంత దారి అవసరం లేదు... సరే, అది నా భ్రమే అనుకోండి.

మిద్దె ఎక్కేసరికి బాపు ట్యాంకుకు ఆనుకుని ఉన్నాడు. చొక్కా తడిసి ముద్దయింది. నేను టేపు చింపి, రెండు ముద్దలనూ పచ్చ గిన్నెలతో సహా విస్తరిలో పెట్టాను.

"ఏందే ఇవి?"

"అవ్వకు మస్తు ఇష్టం బాపు. ప్రతి శుక్రవారం తింటుండె."

"నాకెందుకు చెప్పలే?" అన్నాడు. కోపంగా కాదు. చిన్నపిల్లాడిలా అడిగాడు. నాకు దుఃఖం ఆగలేదు.

మనిషి కనపడితే పిట్ట రాదని ఇద్దరం ట్యాంకు వెనక్కి జరిగాం. రాత్రిపూట కాకి ఎక్కడి నుంచి వస్తుంది? నా బుద్ధి అదే చెబుతోంది. కాసేపు చూసి, ఏదో ఒక అబద్ధం ఆడి ఈయన చేత అన్నం తినిపించాలి అనుకుంటున్నాను.

అప్పుడు కరెంటు పోయింది.

జహనుమా మొత్తం ఒక్కసారిగా నల్లబడింది. కింద ఎవరో "అరే యార్!" అని అరిచారు. తర్వాత అదీ లేదు. ట్యాంకులో నీటి చుక్క పడిన చప్పుడు... నా ఊపిరి... బాపు ఊపిరి...

రెక్కల చప్పుడు రాలేదు. అది నేను గట్టిగా చెప్పగలను. రెక్కల చప్పుడు రాలేదు.

విస్తరి కొంచెం కదిలింది. గాలి లేదు. ఆకు నేలకు రాసుకున్న సన్నటి శబ్దం... ఆగింది.

చప్.

బాపు చెయ్యి నా మణికట్టును పట్టుకుంది.

చప్... చప్...

ఆగింది.

చప్.

ఎంతసేపో తెలియదు. ఫోన్ నా చేతిలోనే ఉంది. లైటు వేయొచ్చు. వేలు ఒక్కసారి నొక్కితే చాలు. వేయలేదు. భయంతో అనుకుంటారేమో... కాదు. తింటున్న మనిషి ముఖం మీద లైటు వేస్తామా ఎవరమైనా?

కరెంటు వచ్చింది. విస్తరిలో ఒక ముద్ద ఉంది, తన పచ్చ గిన్నెలో. రెండోది లేదు. గిన్నె కూడా లేదు.

బాపు నా చెయ్యి వదిలాడు. లేచి నిలబడబోయి తూలాడు, పట్టుకున్నాను. మెట్ల దగ్గరికి వెళ్లి కిందికి చూస్తూ అమ్మను పిలిచాడు.

"అన్నం పెట్టు. ఆకలైతుంది."

ఆయన తింటుంటే నేనూ అమ్మా పక్కనే కూర్చుని ఒక్కో ముద్దా చూశాం. పెరుగన్నం, ఇంకొంచెం పెరుగన్నం. రెండో కంచం అయ్యాక ఆయన ముఖంలోకి రంగు వచ్చింది.

ఇక్కడితో అయిపోతే నేనీ కథ ఎవరికీ చెప్పకపోదును. పిల్లి వచ్చిందనుకుని ఊరుకునేదాన్ని. మా గోడల మీద పిల్లులకు కొదవలేదు. ఎత్తుకుపోయేటప్పుడు గిన్నెతో సహా పట్టుకుపోయి ఉంటుంది.

కానీ కొట్టంలోంచి బర్రె అరిచింది. వెళ్లి చూశాను. గడ్డి తింటోంది. ఎవరో పిలిచినట్టు తలెత్తి చూసింది. దాని నుదుటి మీద తెల్లగా ఒక చార. దాణా పిండే అయ్యుంటుంది, తొట్టిలో తల పెడితే అంటుకుంటుంది. అలాగే అనుకుని గోడ వైపు తిరిగాను. పగుల్లో అవ్వ దోపిన పాత గిన్నెలు. అన్నీ తెల్లవి, మాసిపోయి, బూజు పట్టి. వాటి ముందు ఒకటి...

ఆకుపచ్చది. నాలుగు మడతలు. తాకితే చల్లగా ఉంది. అంచు తడిగా ఉంది.

మర్నాడు బాపును అడిగాను. "చీకట్ల ఏమన్న ఇన్నవా?"

"పిట్టొచ్చింది, తిన్నది. ఇంకేముంటది?" అన్నాడు. నా వైపు చూడకుండా పాల క్యాన్లు కడుగుతున్నాడు. కడిగినదాన్నే మళ్లీ కడుగుతున్నాడు.

నస్రీన్‌ను కూడా అడిగాను, ఇంతకుముందు ఎప్పుడైనా పచ్చ గిన్నెలు ఇచ్చావా అని. "ఇచ్చుంట అక్కా, ఒక్కోసారి అవే వస్తయ్" అంది. అయితే అది ఎప్పటిదో పాతది కావచ్చు. కొట్టంలో ఎప్పుడూ తడే. కావచ్చు. పచ్చ గిన్నె నేనెప్పుడూ చూసిన గుర్తు లేదు... కానీ ప్రతి గిన్నెనూ ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

ఇప్పటికీ తేల్చుకోలేదు. రాత్రి మధ్యలో మెలకువ వస్తే కొట్టం వైపు చెవి పెడతాను. వినపడితే భయం, వినపడకపోతే ఇంకో రకం దిగులు.

శుక్రవారం మాత్రం మానలేదు. రెండు తీసుకుంటాను. ఒకటి నేను రైల్లో తింటాను. ఒకటి కొట్టంలో స్టూలు మీద పెడతాను. తెల్లారేసరికి ఉండదు. పిల్లో, ఎలుకో. ఆ గోడ పగుల్లోకి మాత్రం నేను మళ్లీ చూడలేదు.

నస్రీన్‌కు ఇప్పటికీ అసలు సంగతి చెప్పలేదు. ఆమె ప్రతిసారీ టేపు అంటిస్తూ అడుగుతుంది. "అవ్వకేనా అక్కా?"

"అవ్వకే" అంటాను. అది అబద్ధమో కాదో నాకే తెలియదు.