పెద్దసారు పేరు ఎలా రాయాలి

నా చిన్నప్పుడు చిక్కడపల్లిలో మా ఇంటి మేడమీద ఒక గది ఉండేది. చుట్టుపక్కల కిరాయికుండేవాళ్లంతా సర్కారు నౌకరీ పరీక్షలకు చదివేవాళ్లే. మా పైగదిలో దిగిన అక్క మాత్రం యూనివర్సిటీలో రీసెర్చ్ చేసేది. వాళ్ల ఊరి బావి నీళ్లలో ఏముందో, ఆ నీళ్లు తాగిన పిల్లల పళ్లు ఎందుకు గారపడతాయో కనిపెట్టడం ఆమె పని. బడి నుంచి రాగానే సంచీ పడేసి నేను మెట్లెక్కేదాన్ని. "నీ ఇల్లు కిందనా, మీదనా?" అని మా నాయనమ్మ రోజూ దెప్పేది. నాకు సొంత అక్క లేదు. అందుకని ఆమెను నా సొంతం చేసేసుకున్నాను.

అవి తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. బంద్ అంటే మాకు సెలవు. అప్పుడే అక్క తను రాసిన వ్యాసాన్ని ఒక ఇంగ్లీషు సైన్సు పత్రికకు పంపింది. విషయం బాగుందిగానీ చివర ఇచ్చిన రిఫరెన్సులు తమ పద్ధతిలో లేవని వాళ్లు తిప్పి పంపారు. ఎవరెవరి పనిని ఆధారం చేసుకుని రాశామో వాళ్ల పేర్లూ, వాళ్ల వ్యాసాల వివరాలూ చివర ఇవ్వాలట. ఇంటిపేరు పూర్తిగా ముందు రాసి, కామా పెట్టి, సొంతపేరుకు పొడి అక్షరం మాత్రం రాయాలి. శనివారం సాయంత్రంలోగా సరిచేసి పంపాలి. ఈ వ్యాసాన్ని అచ్చుకు ఒప్పుకుంటేనే ఆమె థీసిస్ ఇవ్వగలదు. లేదంటే గది ఖాళీ చేసి ఊరికి పోవడమేనని మా అమ్మతో అంటుంటే విన్నాను. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

ఆ వారమంతా నేను కాగితం చూసి పైకి చదవడం, అక్క కంప్యూటర్‌లో సరిచూసుకోవడం. కామాలూ చుక్కలతో సహా చదవాలి. నాకు అదో ఆట. తెల్లదొరల పేర్లన్నీ చకచకా అయిపోయాయి. ఒక తెలుగు సారు పేరు దగ్గర అక్క ఆగిపోయింది. బావి నీళ్ల మీద ఆయన ఎప్పుడో రెండు వ్యాసాలు రాశారు. ఒకదానిమీద ఇంటిపేరు పూర్తిగా ఉంది. రెండోదానిమీద ఇంటిపేరుకు ఒక్క అక్షరమే ఉండి, సొంతపేరు పూర్తిగా ఉంది. దాంతో ఒకే మనిషి అక్క కాగితంలో ఇద్దరైపోయి, అక్షరాల వరసలో ఒకరు పైనా ఒకరు కిందా కూర్చున్నారు.

అక్క ఫోన్ చేస్తే ఆమె గైడ్, పద్ధతి ప్రకారం రెండుచోట్లా ఇంటిపేరే ముందు పెట్టి పంపెయ్యమన్నారు. సరేనని ఫోన్ పెట్టేసి అక్క చాలాసేపు గోళ్లు కొరుక్కుంది. "సారు రిటైరై బర్కత్‌పురలనే ఉంటున్నడట. బతికున్న మనిషి పేరు అంచనా మీద రాసుడేంది? అడిగొద్దాం పా," అంది.

శనివారం బంద్. ఆటోలు లేవు, ఖాళీ రోడ్డుమీద నారాయణగూడ మీదుగా నడిచాం. గదిలో నెట్ లేదు కాబట్టి వ్యాసం పంపడానికి అశోక్‌నగర్ నెట్ సెంటర్ అన్న ఐదింటిదాకా షటర్ సగం ఎత్తి ఉంచుతానన్నాడు. నాకు మాత్రం ఒళ్లు మండిపోతోంది. గైడే చెప్పాక రాసి పంపేస్తే అయిపోయేదానికి ఎండలో ఈ నడక ఎందుకని ముఖం మాడ్చుకుని వెనక నడిచాను.

పెద్దసారు బనీనుమీద తువ్వాలు కప్పుకుని తలుపు తీశారు. సంతకం కోసం వచ్చామనుకున్నారు కాబోలు, మమ్మల్ని కూర్చోబెట్టి కళ్లజోడు వెతుక్కోబోయారు.

"సంతకం కాదు సార్. మీ పేరు ఎట్ల రాయాల్నో అడుగుదామని వచ్చిన," అంది అక్క.

ఆయన వెతకడం ఆపేశారు. కుర్చీలో కూర్చుని, మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. తర్వాత మెల్లగా చెప్పుకొచ్చారు. ఆయన చదువుకునే రోజుల్లో ఇంటిపేరు వినగానే అవతలివాళ్లు ఊరూ కులమూ లెక్క కట్టేసేవారట. ఆ లెక్కను బట్టే కుర్చీ దగ్గరికి జరిపేదీ దూరం జరిపేదీ. అందుకే ఆయన ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించుకున్నారు. మొదటి వ్యాసం అచ్చువేసినప్పుడు పత్రికవాళ్లు ఆయన్ను అడక్కుండానే దాన్ని పూర్తిగా రాసేశారు.

"ఇంటిపేరు మా నాయన ఇచ్చింది. దానిమీద నాకు కోపం లేదు బిడ్డా. గాని బావి బావికి తిరిగి నీళ్లు తెచ్చింది నేను. నా పేరే పూర్తిగ రాయి. గట్ల రాస్తె వాళ్లు ఒప్పుకుంటరా?"

అక్క ఆయన చెప్పినట్టే పేరును కాగితంమీద రాసుకుంది. కిరాయికి వచ్చినవాళ్లను మా నాయనమ్మ మొట్టమొదట అడిగేది కూడా ఇంటిపేరేనని నాకు అక్కడే, ఆయన ఇచ్చిన బిస్కెట్ నములుతుండగా తట్టింది. అక్కనూ అడిగే ఉంటుంది. అక్క ఏం చెప్పిందో, నాయనమ్మ ఏం లెక్క కట్టిందో నాకు తెలియదు. నాయనమ్మ నన్ను ప్రాణంలా చూసుకున్న మనిషి. అయినా ఆ క్షణాన నాకు సిగ్గనిపించింది.

నెట్ సెంటర్‌లోకి షటర్ కింద వంగి దూరాం. అక్క ముందు పద్ధతి ప్రకారమే ఇంటిపేరు కొట్టింది. కాసేపు దాన్నే చూస్తూ కూర్చుని చెరిపేసింది. రెండుచోట్లా సారు సొంతపేరు పూర్తిగా కొట్టి, పక్కన ఇంటిపేరుకు ఒక్క అక్షరం పెట్టింది. ఈయన తన పేరు ఇలాగే రాయమని కోరుతున్నారని సంపాదకుడికి నాలుగు ముక్కలు రాసింది. నాకేమో ఊళ్లో అక్కా, మేడమీద తాళం వేసిన గదీ కళ్లముందు కనిపిస్తున్నాయి.

"అక్కా, మళ్ల వాపస్ పంపితె?"

"పంపితె మళ్ల రాస్త. సారు నోటితోటి చెప్పినంక ఇంకోలెక్క ఎట్ల రాస్తనే?" అని నా తల నిమిరి పంపేసింది.

జవాబు వచ్చేదాకా నేను బడి నుంచి రాగానే ముందు పైగది తలుపు తీసుందా లేదా చూసేదాన్ని. వ్యాసాన్ని ఒప్పుకున్నారు, పేరునూ అలాగే ఉంచారు. అచ్చయ్యాక ఒక కాపీ పట్టుకుని మళ్లీ బర్కత్‌పుర వెళ్లాం. చివరి పేజీలో ఒకదాని కింద ఒకటి ఉన్న తన రెండు వ్యాసాల మీద పెద్దసారు వేలు పెట్టి, "ఇద్దర్ని ఒక్కన్ని చేసినవు గద బిడ్డా," అని నవ్వారు. నవ్వుతూనే కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

ఇప్పుడు నేనే క్లాసునిండా పిల్లలకు టీచర్ని. బడి తెరిచిన మొదటి రోజు, రిజిస్టర్‌లో ఎలా ఉన్నా సరే, ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి "నీ పేరు ఎట్ల రాయమంటవు? ఏమని పిలవమంటవు?" అని అడుగుతాను. హాజరు వేసేసరికే బెల్లు కొట్టేస్తారని తోటి టీచర్లు నవ్వుతారు. కొట్టనీ. కొందరు పిల్లలు చప్పున చెప్పేస్తారు. కొందరు మాత్రం, అంతకుముందు ఎవరూ అడగలేదేమో, తల వంచుకుని ఆలోచిస్తూ ఉండిపోతారు. పెన్ను పట్టుకుని, వాళ్లు చెప్పేదాకా నేను అక్కడే నిలబడతాను.