పెనుకొండ విచారణలో నాయన

మద్రాసులో అర్థశాస్త్రం ఎమ్మే ముగించుకుని నేను ఇంటికి వచ్చేనాటికి, ఆ చదువు దేనికి పనికొస్తుందో మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. మాది పరిగి దగ్గర పల్లె. డాక్టరు చదువు తెలుసు, టీచరు చదువు తెలుసు. "అర్థశాస్త్రమంటే దుడ్ల చదువు" అని మా అవ్వ అందరికీ చెప్పేది. "మరి దుడ్లు యాడ?" అని ఎవరన్నా అడిగితే నవ్వి ఊరుకునేది. మా నాయన మెట్ట రైతు. ఆడపిల్లను అంత దూరం పంపినందుకు బంధువుల దగ్గర ఎన్ని మాటలు పడ్డాడో నాతో ఎప్పుడూ అనలేదు.

అప్పట్లో ప్రభుత్వం వ్యవసాయ కూలీలకు కనీస వేతనాలు నిర్ణయించడానికి విచారణలు జరిపిస్తోంది. చేలల్లో ఎక్కువమంది ఆడవాళ్ళే. మగ అధికారి గట్టు మీద నిలబడి ప్రశ్నలు వేస్తే వాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రైతు వైపు చూసేవాళ్ళు. అందుకని కార్మిక శాఖ ఒక ఆడమనిషిని తీసుకోవాలనుకుంది. ఆ ఉద్యోగం నాకు వచ్చింది.

నాయనకు నచ్చలేదు. "సర్కారు ఉద్యోగమంటే ఫ్యాను కింద కుర్చీ అనుకుంటి. సేన్లెమ్మడి తిరిగేకి నిన్ను మద్రాసుకు పంపల్లనా? ఈన్నే ఉండుంటే ఆ పని ఎప్పుడో చేస్తాంటివి" అన్నాడు.

పెనుకొండ తాలూకాలో, సోమందేపల్లి చుట్టుపక్కల తిరిగాను. వేరుశెనక్కాయ పెరికే కాలం. ఆడవాళ్ళ పక్కన కూర్చుని నేనూ చెట్లు పెరుకుతూ మాట్లాడించేదాన్ని. చేతులు పనిలో ఉంటే వాళ్ళకు మాట సులభంగా వచ్చేది. దున్నడం మగవాళ్ళ పని, కలుపు ఆడవాళ్ళ పని. కానీ కాయ పెరికేటప్పుడు ఇద్దరూ ఒకే సాలులో వంగుతారు, ఒకే ఎండలో నడుం పట్టుకుంటారు. సాయంత్రం కూలి కొలిచేటప్పుడు మాత్రం ఆడమనిషి ఒళ్ళో తక్కువ గింజలు పడతాయి. ఎందుకని అడిగితే రైతులూ కూలీలూ ఒకే జవాబు చెప్పేవాళ్ళు: "ఆడోళ్ళు గదా." కాయ పెరికే పనికి ఇద్దరికీ ఒకే కూలి ఉండాలని నా నివేదికలో రాశాను.

దాని మీద పెనుకొండలో బహిరంగ విచారణ పెట్టారు. కొండ కింద, సర్కారు ఆఫీసు ఆవరణలో షామియానా వేశారు. ఒక పక్క రైతులు, ఒక పక్క కూలీలు. నివేదిక చదివి నేను కూర్చున్నాక, అధ్యక్షత వహించిన పెద్ద అధికారి రైతులను మాట్లాడమన్నాడు. వెనక వరసలోంచి ఒక మనిషి లేచాడు. నాయన. పరిగి రైతులతో కలిసి వచ్చినట్టున్నాడు. వస్తున్నట్టు నాకు కబురు లేదు.

"అయ్యా, ఈ కాయితం రాసినోళ్ళు మబ్బును చూసి రాసినట్ల లేదు" అని మొదలుపెట్టాడు. నా వైపు చూడలేదు. "వాన పడితే మేమూ ఇస్తాము. పడని ఏడు విత్తనం గూడా మన్నులోనే పోతాది. ఆ ఏడు మాకు కూలి ఎవరిస్తారు? సర్కారు ఇస్తాదా?"

రైతులు చప్పట్లు కొట్టారు. అధికారి నా వైపు తిరిగి జవాబు చెప్పమన్నాడు.

లేచాను. "నాయనా, నువ్వు" అన్నది నాలుక చివరికి వచ్చేసింది. పుట్టినప్పటినుంచీ ఆయన్ను మరోలా పిలిచి ఎరగను.

"మీరు చెప్పింది నిజమే" అన్నాను. "వాన లేని ఏడు పెరకడానికి కాయే ఉండదు. నేను రాసింది కాయ పండిన రోజు గురించి. ఆ రోజు మగమనిషికి ఇచ్చింది ఆడమనిషికి ఎందుకు ఇవ్వకూడదో మీరే చెప్పండి."

ఆయన తువ్వాలు సర్దుకున్నాడు. "దానికి నా దగ్గర జవాబు లేదు" అన్నాడు. "జవాబు లేదంటే ఒప్పుకున్నట్ల గాదు."

గుమాస్తా ఆయన పేరూ ఊరూ అడిగి రాసుకుంటుండగా రైతుల్లోంచి ఎవరో అరిచారు: "ఆయమ్మ ఆయన కూతురే గదప్పా!" గోల మొదలైంది. "తండ్రీ కూతురూ కూడబలుక్కోని నాటకమాడతాండారు" అన్నాడు ఇంకొకడు. అధికారి మొహం ఎర్రబడింది.

నాయన గొంతు అందరికన్నా పైకి లేచింది. "ఈడ ఆమె సర్కారు మనిషి, నేను రైతును. ఇంట్లో మాట ఇంట్లోనే. కూడబలుక్కోనుంటే నేనే గెలుస్తాంటి గదబ్బా!"

షామియానా అంతా నవ్వింది. అధికారి కూడా నవ్వక తప్పలేదు.

ఇద్దరం ఒకే బస్సులో తిరిగి వచ్చాం. సోమందేపల్లిలో బస్సు ఆగితే దిగి బొరుగులు కొనిచ్చాడు. హిందూపురం దగ్గరపడుతుండగా కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు.

"నన్ను 'మీరు' అంటివి."

"అందరి ముందరా ఇంకేమనల్ల నాయనా?"

"తప్పనలేదులే. ఏ ఆఫీసులోనూ ఎవరూ నన్ను అట్ల అనలేదు. బాగుండాది."

కొన్ని నెలలకు ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది. ఆడవాళ్ళ కూలి పాతకాలం లాగే తక్కువ. సమాన కూలి మాట ఎక్కడ రాలిపోయిందో నాకెవరూ చెప్పలేదు. ఆ తర్వాతి పంటకు నాయన కాయ పెరికిన ఆడవాళ్ళకు మగవాళ్ళతో సమానంగా కొలిచి ఇచ్చాడని అవ్వ చెప్తే ఆశ్చర్యపోయి నాయన్నే అడిగాను. "నీ కాయితం చూసి కాదు పాపా. ఆడోళ్ళంతా రోడ్డు పనికి పోయినారు, మనుషులు దొరకలేదు" అన్నాడు. మరుసటేడు వాన సరిగా పడలేదు. రోడ్డు పనీ ఆగిపోయింది. మనుషులు దండిగా దొరికారు, ఆడవాళ్ళ కొలత మళ్ళీ తగ్గింది. మనుషులు దొరకనప్పుడు చట్టంతో పని లేదనీ, దొరికినప్పుడే దాని అవసరమనీ నేను పుస్తకాల్లో కాదు, మా కళ్ళంలోనే తెలుసుకున్నాను.

ఆ ఉద్యోగంలో ఇంకొంత కాలం ఉండి మానేశాను. అప్పుడే ధర్మవరంలో పట్టు షావుకార్లకూ కూలి నేత నేసేవాళ్ళకూ తగాదా వచ్చింది. చీరకు న్యాయమైన కూలి ఎంతో తేల్చిపెట్టమని రెండు పక్షాలూ కలిసి నన్ను పిలిచాయి. సలహాదారుగా నాకదే మొదటి పని. మగ్గాల ఇళ్ళన్నీ తిరిగాను. ఒక ఇంట్లో మగ్గం ముందు ఒకావిడ కూర్చుని, పాత పోగు కొసకు కొత్త పోగు కలిపి మెలి పెడుతోంది. అచ్చు అతకడం అంటారు. "నువ్వేం పని చేస్తావమ్మా?" అని అడిగాను. "నేనేం చేస్తాను, ఇంట్లోనే ఉంటా" అంది, వేళ్ళు ఆపకుండా. అది వినయం కాదు, వేళాకోళం కాదు. నిజంగానే అట్లా అనుకుంటోంది.

అచ్చు అతకడానికీ, కండెలకు దారం చుట్టడానికీ వేరే కూలి కట్టాలని రాశాను. షావుకార్లలో పెద్దాయన కాగితం చదివి కళ్ళజోడు తీశాడు. "ఇంటి ఆడోళ్ళ పనికి గూడా కూలి కట్టమంటాండావు. రేపు వంటకీ కట్టమంటావేమోమ్మా!"

"దానికి వేరే నివేదిక రాస్తాను" అన్నాను.

నేతగాళ్ళు కూడా నవ్వారు. ఆ నవ్వు నన్ను ఎక్కువ నొప్పించింది. ఎన్నో రోజుల వాదనల తర్వాత అచ్చు కూలి ఒప్పందంలోకి వచ్చింది. కండెల కూలి రాలేదు. షావుకార్లు నన్ను మళ్ళీ పిలవలేదు.

హిందూపురంలో కాలేజీ పెట్టాక అక్కడ పాఠాలు చెప్పడానికి చేరాను. వేతనాల పాఠం వచ్చినరోజు, మీ అమ్మ ఏం పని చేస్తుందని పిల్లలను అడిగాను. "ఏమీ చేయదు" అన్నారు చాలామంది. అయితే పొద్దున లేచినప్పటినుంచీ చెప్పండి అన్నాను. ఒక్కొక్కరే చెప్పుకుంటూ పోయారు. గంట కొట్టినా సగం కాలేదు.

వెనక బెంచీలోంచి ఒకతను లేచాడు. "మేడమ్, ఇది పరీక్షలో వస్తుందా?"

"రాదు" అన్నాను.

చాలామంది పెన్నులు మూసేశారు. కొందరు రాస్తూనే ఉన్నారు.